లోవెల్ చూడని శనివారాలు

మా తమ్ముడు లోవెల్‌కి అసూయ అంటే ఏమిటో తెలియదని మా సంఘంలో పేరు. ఎవరు కొత్త కారు కొన్నా వెళ్ళి చుట్టూ తిరిగి చూసి, బాగుందని మనస్ఫూర్తిగా చెప్పి వస్తాడు. ఫ్యాక్టరీలో వాడి వెనక చేరినవాడు వాడి మీదే సూపర్‌వైజరయితే, ఇంట్లో కేకు చేయించి పట్టుకెళ్ళాడు. ఒకసారి పాస్టర్‌గారు ప్రసంగం మధ్యలో వాడి పేరెత్తి, తృప్తిగా బతకడమెలాగో బ్రదర్ లోవెల్‌ని చూసి నేర్చుకోవాలన్నారు. నేను రెండో వరసలో ఉన్నాను. నవ్వు ఆగక రుమాలు నోట్లో కుక్కుకున్నాను.

వాడి కుళ్ళు నాకు తెలుసు. ఇళ్ళ మీదా కార్ల మీదా పదవుల మీదా వాడికి లేని మాట నిజమే. ఉన్నదంతా ఒక్కచోటే పోగుపడింది. శనివారం పొద్దున్నే పైజమాలతో కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని, టీవీలో కార్టూన్లు చూస్తూ పెరిగిన ప్రతివాడన్నా వాడికి కడుపుమంట. చిన్నప్పుడు మొదలైంది, యాభై దాటినా తగ్గలేదు. నాకుందా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను వాడికంటే మూడేళ్ళు పెద్దదాన్ని. మా అమ్మ దృష్టిలో పెద్దపిల్లలకి అలాంటివి ఉండవు.

మాది బ్యాటిల్ క్రీక్ అనే ఊరు. గాలి తిరిగిందంటే ఊరంతా వేయించిన మొక్కజొన్న వాసన కొడుతుంది. నాన్న అక్కడి కార్న్‌ఫ్లేక్స్ ఫ్యాక్టరీలో పొయ్యిల దగ్గర పనిచేసేవాడు. మేము క్రైస్తవుల్లో అడ్వెంటిస్టులం, పనీ వినోదమూ మాని దేవుడికి వదిలేసే సబ్బాతు మాకు శనివారం. శుక్రవారం పొద్దు గూకగానే అమ్మ టీవీ మీద పూల గుడ్డ కప్పేసేది. మర్నాడు పొద్దు గూకాక గానీ తీసేది కాదు. అప్పట్లో కార్టూన్లొచ్చేది శనివారం పొద్దున ఒక్కపూటే. ఆ గుడ్డ కింద ఏం జరిగిపోతోందోనని లోవెల్ దాని చుట్టూ తిరిగేవాడు, వేలు మాత్రం పెట్టేవాడు కాదు. మా ఇంట్లో దెబ్బలుండేవి కావు. అమ్మ ఒక్క నిట్టూర్పు నిట్టూరిస్తే చాలు, వారం రోజులు అన్నం సహించేది కాదు.

వాడికి అన్నిటికంటే మింగుడుపడని సంగతి ఇంకొకటుంది. నాన్న పొయ్యిలోంచి తీసిన కార్న్‌ఫ్లేక్సే ఆ కార్టూన్ల మధ్య ప్రకటనల్లో చూపించి పిల్లలకి అమ్మేవారు.

"నువ్వు చేస్తేనే కదా నాన్నా వాళ్ళు అమ్మేది? అందరూ చూస్తారు, మనమే చూడకూడదా?" అని అడిగాడొకసారి.

"చెయ్యడం నా పని. అమ్మడం వాళ్ళ పని. శనివారం నాడు రెండూ మన పని కాదు. టై కట్టుకో," అన్నాడు నాన్న.

కారులో చర్చికి వెళ్తుంటే దారిపొడుగునా ఇళ్ళ ముందుగదుల కిటికీల్లో నీలం వెలుగు కదులుతూ ఉండేది. చలికాలంలో మరీ స్పష్టంగా కనిపించేది. లోవెల్ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో ఇంటినీ చూస్తూ, వాళ్ళ పేర్లు గొణుక్కుంటూ వచ్చేవాడు. "హూక్‌స్ట్రా వాళ్ళు. మెకాలిస్టర్ వాళ్ళు. ఈ ఇంట్లో పిల్లలే లేరు, వీళ్ళకెందుకు?" అమ్మ వెనక్కి తిరక్కుండానే, "లోవెల్, పాట పాడు," అనేది. వాడు ఏడుపు గొంతుతో సంతోషం గురించిన చర్చి పాట ఎత్తుకునేవాడు. నేను తల దించుకుని చేతి గ్లవ్వులు సరిచేసుకునేదాన్ని. నేను చూడలేదనుకునేవాళ్ళంతా. చూడకేం, అన్నీ చూశాను.

హూక్‌స్ట్రా వాళ్ళ అబ్బాయి డ్వేన్ లోవెల్ క్లాసే. వాడే మా వాడికి సోమవారం పొద్దున బడి బస్సు దగ్గర కార్టూన్ల కథ చెప్పేవాడు. ఊరికే చెప్పేవాడు కాదు. అమ్మ చేసి ఇచ్చిన బెల్లపు బిస్కెట్లు ముందు వాడి జేబులోకి వెళ్ళాలి. అప్పుడు కూడా సగం చెప్పి, "మిగతాది చూస్తే గానీ తెలీదులే నీకు," అని ఆపేసేవాడు. నాకు ఆ పిల్లాణ్ణి చూస్తే ఒళ్ళు మండేది. అయినా కొంచెం దూరంలో నిలబడి చెవులు అటే పెట్టేదాన్ని.

ఒక ఏడాది కొత్తగా షెరీఫ్ టాడ్‌విక్ అని ఒక కార్టూన్ మొదలైంది. పెద్ద టోపీ, నడుముకి బెల్టు, ఆవిరి రైలు మీద దొంగల్ని తరుముతాడు. ఆలోచన వస్తే గడ్డం నిమురుకుంటాడు. డ్వేన్ చెప్పిందంతా లోవెల్ ప్రాణం పెట్టి విన్నాడు. రాత్రి దుప్పట్లో దూరి తనలో తానే ఆ షెరీఫ్ గొంతుతో మాట్లాడుకునేవాడు, బొంగురుగా, వయసు మళ్ళిన మనిషిలా. బడిలో టీచరమ్మ ఒకరోజు, మీకు టీవీలో బాగా ఇష్టమైన వీరుణ్ణి గీయమంది. మా వాడు అందరికంటే ముందు గీసి, అందరికంటే పెద్దగా గీసి, గోడకి తగిలించమని తానే పట్టుకెళ్ళి ఇచ్చాడు.

"ఇదెవర్రా?" అన్నాడు డ్వేన్.

"షెరీఫ్ టాడ్‌విక్."

"టాడ్‌విక్ మేకరా."

"ఏంటి?"

"మేక. కొమ్ములుంటాయి. టోపీకి రెండు కన్నాలుంటాయి కొమ్ములు బయటికి రావడానికి. మనిషిని గీశావేంటి నువ్వు?"

"మరి గడ్డం నిమురుకుంటాడన్నావు?"

"మేకకి గడ్డముండదా?"

క్లాసంతా బల్లలు చరిచి నవ్విందట. టీచరమ్మ కూడా నవ్వు దాచుకోవడానికి బోర్డువైపు తిరిగిందట. టాడ్‌విక్ మేక అన్న సంగతి డ్వేన్ కావాలని దాచలేదు. ఊళ్ళో పిల్లలందరికీ తెలిసిన సంగతిని ఎవడు చెబుతాడు? మా వాడొక్కడే ఆ మేకని మనిషి అనుకుని వారాల తరబడి వాడితో కబుర్లు చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి గ్యారేజీలో కూర్చుని ఏడిస్తే నాన్న వెళ్ళి పక్కన కూర్చున్నాడు. పక్కవాడిది ఆశించకూడదని బైబిల్లో ఆజ్ఞ ఉంది కదా అని మెల్లిగా గుర్తుచేశాడు.

"అందులో పక్కవాడి ఎద్దూ గాడిదా అని రాశారు. టీవీ అని రాయలేదు," అన్నాడు లోవెల్ వెక్కుతూ.

నాన్న కాసేపు ఆలోచించి, "మేక కూడా ఆ లెక్కలోకే వస్తుంది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తలుపు అవతల నిలబడి నేనూ నవ్వాను. కానీ వాడికి తండ్రి వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను ఏడవలేదు కాబట్టి నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ రోజు వాడి మీద నాకు కుళ్ళొచ్చింది. చూడలేకపోయినందుకు గట్టిగా ఏడవగలిగాడు వాడు.

హైస్కూలయ్యాక లోవెల్ నాన్న ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో చేరాడు. డ్వేన్ కూడా అక్కడే, అదే లైను. ఆదివారాలు ఎవరికీ అక్కర్లేని షిఫ్టులన్నీ లోవెల్ చేసేవాడు, బదులుగా శనివారం సెలవు తీసుకునేవాడు. కొత్తగా ఎవరు చేరినా డ్వేన్ క్యాంటీన్‌లో మేక కథ చెప్పకుండా ఉండేవాడు కాదు. "మా లోవెల్ ఉన్నాడే, వీడు..." అని మొదలుపెడితే మా వాడు శాండ్‌విచ్ నములుతూ, అందరితో కలిసి నవ్వుతూ కూర్చునేవాడు. సాయంత్రం నా వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాక మాత్రం మొహం మాడ్చుకునేవాడు.

"నవ్వితే నవ్వనీ అక్కా. కానీ తర్వాత వాళ్ళంతా చిన్నప్పటి కార్టూన్ల గురించి మొదలుపెడతారు. ఒకడు పాటెత్తుకుంటే ఇంకొకడు అందుకుంటాడు. నలుగురూ నాలుగు ఊళ్ళవాళ్ళు, అయినా అందరికీ ఒకటే గుర్తు. నేను ఉప్పు డబ్బా అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటాను."

"నీకు చర్చిలో నేర్చుకున్న సబ్బాతు బడి పాటలు రెండొందలొచ్చు. అవి ఎత్తుకో," అన్నాను. నా నోరు అంత మంచిది కాదు.

వీడియో మిషన్లొచ్చిన కొత్తల్లో వాడి భార్య వెర్లా ఒకటి కొనుక్కొచ్చింది. మొగుడి బాధ చూడలేకపోయింది పాపం. శుక్రవారమే టైము పెట్టేసి వదిలేస్తే శనివారం అదే రికార్డు చేసుకుంటుంది, ఆదివారం చూసుకోవచ్చని దాని ఉపాయం. ఈ సంగతి అమ్మ చెవిన పడింది. ఇంట్లో పనివాళ్ళ చేత కూడా సబ్బాతునాడు పని చేయించకూడదంటే, మిషను చేత చేయించొచ్చా అని అమ్మ అడిగింది. సంఘంలో పెద్దలు ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ గొడవ క్రిస్మస్ దాకా సాగింది. చివరికి పాస్టర్‌గారు ఎవరి మనస్సాక్షి వాళ్ళదని తేల్చేసరికి, మా వాడు ఆ మిషన్ ప్లగ్గు పీకి అల్మైరా పైన పెట్టేశాడు.

"ఇప్పుడు పెట్టుకోవచ్చన్నారు కదరా," అన్నాను.

"వద్దక్కా. అందరూ శనివారం వేడివేడిగా తిన్నది నేను ఆదివారం చల్లారాక తినాలా? నేనొక్కణ్ణే, తలుపులేసుకుని? నాకు కార్టూన్ కాదు కావలసింది. అందరూ చూస్తున్నప్పుడు చూడాలి."

అప్పటి నుంచి టేపులొచ్చాయి, డిస్కులొచ్చాయి, ఫోనులో వేలుపెడితే ఏ కాలంనాటిదైనా వచ్చే రోజులొచ్చాయి. వాడు దేన్నీ ముట్టుకోలేదు. పిల్లలు కలగలేదు. వెర్లా పోయాక సంఘంలో పిల్లల సబ్బాతు బడి నెత్తిన వేసుకున్నాడు. ఫ్లానెల్ గుడ్డ తొడిగి నిలబెట్టిన బోర్డు మీద గుడ్డతో కత్తిరించిన బొమ్మలు అంటిస్తూ, ఒక్కో బొమ్మకి ఒక్కో గొంతు పెట్టి కథలు చెబుతాడు. పిల్లలు వాడి మోకాళ్ళ దాకా జరిగిపోయి నోళ్ళు తెరుచుకుని వింటారు.

ఈలోగా శనివారం కార్టూన్లు కూడా పలచబడుతూ వచ్చాయి. కేబుల్‌లో రాత్రీ పగలూ అవే వస్తుంటే శనివారం కోసం ఎవరు ఎదురుచూస్తారు? ఒక ఛానెల్ తీసేసి వార్తలు పెట్టింది. ఇంకొకటి వంటలు పెట్టింది. అలాంటి వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా లోవెల్ నా దగ్గరికి వచ్చేవాడు. పైకి అయ్యో అనేవాడు గానీ కళ్ళలో మెరుపు దాగేది కాదు.

"ఇంకొకళ్ళు ఆపేశారట అక్కా."

"నీకు సంతోషంగా ఉందా?"

"సంతోషమని కాదు. ఇప్పటి పిల్లలకి అదేంటో తెలీదు కదా అనుకున్నాను. నాలాగే."

అంత కుళ్ళు. తనకి దొరకనిది ఇక ఎవడికీ దొరకదని, ఒక్కో ఛానెల్ ఆరిపోతుంటే లోలోపల పండగ చేసుకున్నాడు. వాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ వార్తలు నేను వాడికంటే ముందే చదివేదాన్ని.

వాడికి యాభై దాటాక ఒక ఏడాది సెప్టెంబరులో ఆఖరి ఛానెల్ కూడా ఆపేస్తోందని తెలిసింది. నెలాఖరు శనివారమే చివరి రోజు, ఆ తర్వాత మామూలు ఛానెళ్ళలో శనివారం కార్టూన్లన్న మాటే ఉండదు. క్యాంటీన్‌లో వారమంతా అదే గోల. డ్వేన్ కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడట. "మన చిన్నతనం పోయిందిరా," అన్నాడట. మేక కథ మళ్ళీ చెప్పాడట. లోవెల్ గురువారం సాయంత్రం నా దగ్గరికొచ్చాడు. ఈసారి కళ్ళలో ఏ మెరుపూ లేదు.

"అక్కా, అందరికీ పోతోందనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకూ పోతోంది."

"నీకెప్పుడుందిరా పోవడానికి?"

"అదే. ఎప్పటికైనా ఒక శనివారం దొరక్కపోతుందా అనుకునేవాణ్ణి. ముసలాణ్ణయ్యాక, రోగమొచ్చి ఆస్పత్రిలో ఉంటే, గదిలో టీవీ ఎవరో పెట్టి వెళ్ళిపోతే. అప్పుడు నా తప్పు ఉండదు కదా. ఎల్లుండి తర్వాత అది కూడా లేదు."

నేను కాఫీ కలపబోతూ ఆగిపోయాను. మా సంఘంలో అసలు కాఫీ తాగరు, మా ఇంట్లో కాఫీ అంటే బార్లీ పొడి, ఆ సంగతి అలా ఉంచండి. ఎల్లుండి మామూలు సబ్బాతు కాదు, పదమూడో సబ్బాతు. మూడు నెలలకోసారి పిల్లలంతా సంఘం ముందుకొచ్చి నేర్చుకున్నది చేసి చూపించే రోజు. వేసవంతా లోవెల్ వాళ్ళ చేత, జలప్రళయంలో జంతువుల్ని కాపాడిన నోవహు ఓడ కథ సాధన చేయించాడు. ఆ రోజు వాడు రాకపోవడమంటే పెళ్ళికి పెళ్ళికొడుకు రాకపోవడమే.

"లోవెల్, పిల్లలు ఎదురుచూస్తుంటారు," అన్నాను.

"తెలుసు," అన్నాడు. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున నేనింకా తల దువ్వుకోకముందే ఫోనొచ్చింది. లోవెల్ గొంతు నీరసంగా ఉంది. జ్వరమన్నాడు, ఒళ్ళు నొప్పులన్నాడు, చర్చికి రాలేనన్నాడు. వాడు ఒంటరివాడు, చూసేవాళ్ళు లేరు. ముందురోజు చేసిన కూరగాయల సూప్ గిన్నెలో పోసి, మూత మీద తువ్వాలు కట్టి, మంచి బట్టలు వేసుకుని, అటునుంచటే చర్చికి వెళ్ళొచ్చని కారు తీశాను.

తలుపు తాళం వేసి లేదు. లోపలికి వెళ్ళేసరికి ముందుగది కిటికీ పరదాలన్నీ వేసి ఉన్నాయి. గదంతా నీలం వెలుగు. మా తమ్ముడు, సంఘానికి ఆదర్శం, కొత్త గళ్ళ పైజమా వేసుకుని కార్పెట్ మీద కూర్చుని ఉన్నాడు. బాసింపట్టు వెయ్యబోయి మోకాళ్ళు రాక ఒక కాలు చాపుకున్నాడు. ఒళ్ళో కార్న్‌ఫ్లేక్స్ గిన్నె. టీవీలో ఏవో ఇనుప బొమ్మలు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

"జ్వరం తగ్గినట్టుంది," అన్నాను.

వాడు తల తిప్పలేదు. "అరవకక్కా. వినపడ్డం లేదు."

"సిగ్గు లేదురా నీకు? సబ్బాతునాడు. అందులోనూ ఈ సబ్బాతునాడు. ఆ పసివాళ్ళు కాగితం తోకలు కట్టుకుని నిలబడి ఉంటారు అక్కడ. అమ్మ ఉంటే ఏమనేది?"

"నిట్టూర్చేది."

"నవ్వకు."

"నవ్వడం లేదక్కా. నలభై అయిదేళ్ళు ఆగాను. ఒక్క పూట. రేపటి నుంచి మళ్ళీ మీ లోవెల్‌నే." అప్పుడు తిరిగి చూశాడు. మొహం చిన్నపిల్లాడి మొహంలా లేదు. ముసలితనం మొదలైన మొహం, కళ్ళ కింద ఉబ్బు. "కూర్చో," అన్నాడు.

గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నిజం చెబుతాను, కూర్చోవాలనిపించింది. బూట్లు విప్పేసి, మంచి గౌను నలిగితే నలగనీ అని, ఆ కార్పెట్ మీద వాడి పక్కన కూలబడాలనిపించింది. ఇనుప బొమ్మలు పోయి ఒక పిల్ల కనిపించింది, ఎర్ర జుట్టు, ఎగిరే పడవలో ఉంది. పడవ కొండకి గుద్దుకునేట్టుంది. ఏమవుతుందోనని నా గుండె నిజంగానే కొట్టుకుంది. గోడ గడియారం చూశాను. సబ్బాతు బడికి ఇక ఎంతో టైము లేదు. ఎవరో ఒకరు వెళ్ళాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.

"నీ పాపం నువ్వే పడు," అని సూప్ బల్ల మీద పెట్టి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాను.

చర్చి మెట్ల మీదే పాస్టర్‌గారు ఎదురయ్యారు. "సిస్టర్ ఆర్డిస్, బ్రదర్ లోవెల్ ఏరీ? పిల్లలు కంగారు పడుతున్నారు." నిజం చెబుదామనే నోరు తెరిచాను. "జ్వరమండీ, కాలిపోతున్నాడు," అని వచ్చింది. ఆయన వేదిక మీదికెళ్ళి అందరి చేతా వాడి కోసం ప్రార్థన చేయించారు. పేరు పెట్టి, వాడి ఊపిరితిత్తుల్ని కూడా కాపాడమని ప్రార్థించారు. ఊపిరితిత్తుల సంగతి నేనసలు ఎత్తలేదు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, ఎర్ర జుట్టు పిల్ల ఏమైందో అనుకుంటున్నాను.

ఓడ కథ నేనే చెప్పాల్సొచ్చింది. గుడ్డబొమ్మలు నా చేతిలో నిలబడవు. ఏనుగుని తలకిందులుగా అంటించాను. అన్ని జంతువులకీ నా గొంతే వచ్చింది. టాబిత అని ముందు వరసలో ఒక గడుగ్గాయి ఉంది, అది సంఘమంతా వినేలా, "బ్రదర్ లోవెల్ ఇలా చెయ్యరు. ఆయనైతే కోతి నిజంగా మాట్లాడుతుంది," అంది. జనం ప్రేమగా నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇక్కడా వాడే. అక్కడ కార్పెట్ మీద కూర్చుని చూస్తున్నదీ వాడే, ఇక్కడ అందరికీ కావలసిందీ వాడే.

ఆరాధన అయ్యాక అందరం కలిసి భోంచేసే చోట ముగ్గురు ఆడవాళ్ళు వంటకాలు మూటగట్టుకుని లోవెల్ ఇంటికి బయలుదేరారు. అంటురోగమేమో, దగ్గరికెళ్ళొద్దని చెప్పాను. అయితే గుమ్మం ముందు పెట్టి వచ్చేస్తామన్నారు, అలాగే చేశారు. ఒక్క పూటలో నేను అన్ని అబద్ధాలాడి, ఇంటికెళ్ళి చల్లటి బంగాళాదుంపలు తిన్నాను. వాడు గుమ్మం ముందు దొరికిన మూడు రకాల వంటకాలు వేడిచేసుకుని తిన్నాడు.

సోమవారం సాయంత్రం వచ్చాడు. గిన్నె కడిగి తెచ్చాడు, తువ్వాలు మడతపెట్టి తెచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పలకరించకపోతే వాడే బయటపడతాడని తెలుసు.

"ఎవరూ చూడలేదక్కా," అన్నాడు.

"ఏంటి?"

"క్యాంటీన్‌లో. ఒక్కడూ చూడలేదు. డ్వేన్ పదింటిదాకా పడుకున్నాడట. ఇంకొకడు పడవ కడుక్కున్నాడట. వారమంతా ఏడ్చారా, శనివారానికి అందరూ మర్చిపోయారు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే." వాడి మొహం నేనెన్నడూ చూడనంత వెలిగిపోతోంది. "భోజనం టైమంతా నా చేతే చెప్పించుకున్నారు. డ్వేన్ శాండ్‌విచ్ కూడా తినలేదు. ఆఖరున ఏమైంది, ఆఖరున ఏమైంది అని ప్రాణం తీశాడు. వాడి మొహం చూడాల్సింది నువ్వు. కుళ్ళిపోయాడు."

"ఎలా ఉంది ఇంతకీ?" అన్నాను, గిన్నె అల్మైరాలో పెడుతూ, పెద్ద పట్టింపు లేనట్టు.

"చెత్తగా ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు, అన్నీ అరుపులే. అయిపోయాక ఒక వీడ్కోలు కూడా చెప్పలేదు. బట్టల సబ్బు ప్రకటన వచ్చింది, అంతే. కానీ అక్కా, నేను లేవలేదు. చివరిదాకా కూర్చున్నాను. ఇప్పుడు నాకు ఎవరి మీదా ఏమీ లేదు. నిజంగా లేదు."

చూస్తే నిజమే అనిపించింది. వాడి భుజాలు కూడా దిగినట్టున్నాయి. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది.

"నీకేం, బాగానే ఉంటుంది. నీ కోసం నేను సంఘమంతటి ముందూ అబద్ధాలాడాను. జ్వరమని ఆ పాస్టర్‌గారికే ఫోన్ చేసి చావకపోయావా? పొద్దున్నే నాకెందుకు చేశావు?"

లోవెల్ ఉప్పు డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"జ్వరమంటే నువ్వు సూప్ పట్టుకుని పరిగెత్తుకొస్తావని తెలుసు. వస్తే కూర్చుంటావనుకున్నాను. కారులో వెళ్తున్నప్పుడు గ్లవ్వులు సరిచేసుకునేదానివి చూడు, నాకు కనబడేది. నాకంటే నీకే ఎక్కువ చూడాలని ఉండేది. ఆఖరిది కదా, ఇద్దరం చూద్దామనుకున్నాను."

ఎవరికీ తెలియదనుకుని నేను అంత జాగ్రత్తగా దాచుకున్నది, వెనక సీట్లో నా పక్కన కూర్చున్నవాడికి మొదటి నుంచీ తెలుసు.

"ఆ ఎర్ర జుట్టు పిల్ల," అన్నాను. "పడవలో ఉన్నది. కొండకి గుద్దుకుందా?"

వాడు సంతోషంగా ముందుకు జరిగి, చేతులూపుతూ, ఒక్కో మనిషికి ఒక్కో గొంతు పెట్టి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. చాలా బాగా చెప్పాడు. నేను బార్లీ కాఫీ ఎదురుగా పెట్టుకుని, ఆ నోరు మూసి పంపించెయ్యాలన్నంత కుళ్ళుతో, ఒక్క మాట కూడా వదలకుండా విన్నాను.